పట్టీ క్రింద సొట్ట

ధ్యానభాగములు: యెహెజ్కేలు 13:10–16, లూకా 19:1–10



ఒకప్పుడు మన పల్లెలలో ఎద్దుబండి చక్రమునకు ఇనుపపట్టా ఎక్కించుటకు కమ్మరికొలిమి యుండెడిది. నేడు ఆ కొలిమి స్థానమున, ఇంటి ముందర నాలుగు రేకులు వేసికొని బండ్ల సొట్టలు తీసి రంగువేయు షెడ్డులు వెలసినవి. ఐరాల చుట్టుప్రక్కల పాలబండ్లు, చెరకు ట్రాక్టర్లు, మామిడికాయల టెంపోలు, ఆటోలు తిరుగుచున్నవి. కాణిపాకము ఐరాల మండలములోనే యున్నందున దూరపు ఊళ్ల కార్లును ఈ దారిని పోవును. ఇన్ని బండ్లు ఇరుకు రోడ్లమీద తిరుగునప్పుడు ఒకటి గోడకు రాచుకొనును, మరియొకటి గేదెకు తగులును. కాబట్టి టింకరింగు పనివానికి పని కొదువలేదు. మన యౌవనస్థులును ఈ పని నేర్చుకొని బ్రదుకుచున్నారు. పౌలు గుడారములు కుట్టి జీవనము చేసికొనెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. చేతిపని మనకు సిగ్గు కాదు. దానిలో దేవుడు మనకు నేర్పు పాఠమును గలదు.

ఆ పాఠము ఒక్కటే. సొట్టను తీయుట వేరు, సొట్టను కప్పుట వేరు.

మొదటిది, కప్పుట ఎట్లుండునో చూతము. కారు తలుపు రేకు ఒక మిల్లీమీటరుకంటె తక్కువ మందము గలది. దానికి దెబ్బ తగిలినప్పుడు మంచి పనివాడు ముందు సుత్తితో రేకును తన స్థానమునకు తెచ్చును. ఇక మిగిలిన చిన్న ఎగుడుదిగుళ్లకు మాత్రమే పట్టీ పెట్టును. ఆ పట్టీ మూడు మిల్లీమీటర్లకు మించరాదని పనివారు చెప్పుదురు. అయితే తొందరపడువాడు గుంతను అట్లే యుంచి, తుప్పును కూడ గీకక, వేలెడు మందము పట్టీ దట్టించును. గట్టిపరచు మందు కలిపిన పట్టీ కొద్ది నిమిషములలోనే బిగిసిపోవును. పైన రుద్ది రంగుకొట్టిన యెడల, మంచి పనియు చెడ్డ పనియు ఆ దినమున ఒక్కటే తీరుగ మెరయును.

కాని బండి ఇంటిలో నిలుచుండునది కాదు. గుంతల రోడ్డున అది అదరును. వేసవి యెండకు రేకు సాగును, రాత్రి చల్లబడి ముడుచుకొనును. రేకు కదలినంతగా మందపు పట్టీ కదలదు. వెండ్రుకవాసి పగులు పుట్టును. ఆ పగులుగుండ నీరు దిగును. నీరును గాలియు కలిసినచోట ఇనుము తుప్పుపట్టక మానదు. పైన రంగు మెరయుచుండగనే క్రింద రేకు తినివేయబడును. కొంతకాలమునకు రంగు బొబ్బవలె ఉబ్బును. గోటితో గీకిన యెడల పెంకు రాలి, లోపల ఎఱ్ఱని పొడి కనబడును.

అందుచేతనే పాతబండి కొనువారిలో తెలివిగలవారు ఒక చిన్న అయస్కాంతమును గుడ్డలో చుట్టి తెత్తురు. మంచి రేకుమీద అది అంటుకొనును. మందపు పట్టీమీద జారిపోవును. కంటికి కనబడనిది అయస్కాంతమునకు తెలియును.

యెహెజ్కేలు ప్రవక్త దినములలోను ఇట్టి పని జరిగెను. జనులు బలములేని గోడ కట్టగా, అబద్ధ ప్రవక్తలు దానికి గచ్చుపూత పూసి, అంతయు సమాధానముగా నున్నదని చెప్పిరి. గోడను సరిచేయుడని ఒకడును చెప్పలేదు. వాన కురిసి, వడగండ్లు పడి, గాలి విసరునప్పుడు ఆ గోడ కూలి దాని పునాది బయటపడునని ప్రభువు సెలవిచ్చెను. 2021 నవంబరులో మన చిత్తూరు జిల్లాలో పడిన పెద్దవానలను మీరు మరువలేదు. గోడలోని బలమెంతయో చెప్పునది సున్నము కాదు, వాన.

మన కుటుంబములలోను, సంఘములోను ఇట్టి పట్టీపని లేదా? గట్టు తగాదా చేత ఇద్దరు అన్నదమ్ములు రెండేండ్లు మాటలాడరు. పండుగ దినమున పెద్దలు వారి చేతులు కలిపి, ఫలహారము పెట్టి, అయిపోయినదందురు. గట్టు ఎవరు జరిపిరో ఎవరును అడుగరు, జరిపినవాడు ఒప్పుకొనడు. ఇద్దరును ప్రభువు బల్లయొద్ద ప్రక్కప్రక్కన మోకరింతురు. చూచువారికి ఎంతో అందముగా నుండును. తరువాతి వాన వచ్చువరకే ఆ రంగు. తప్పు దాచుకొనువానికి వృద్ధి లేదనియు, ఒప్పుకొని విడుచువానికి కనికరము గలదనియు సామెతలు 28వ అధ్యాయము తెలుపుచున్నది గదా.

రెండవది, సొట్ట తీయుట ఎట్లో చూతము. నేర్పరియైన పనివాడు గుంత నడిమిని ఒక్క పెద్దదెబ్బ కొట్టడు. అట్లు కొట్టిన రేకు మరియొక చోట మడతపడును. దెబ్బ తగిలినప్పుడు మొదట లోనికి పోయినది నడిమి భాగము, కడపట వంగినది అంచు. కాబట్టి అతడు కడపట వంగిన అంచునుండి ఆరంభించి, మెల్లగా నడిమికి వచ్చును. ఒక చేత రేకు వెనుక ఇనుపదిమ్మె ఆనించి, మరియొక చేత చిన్నసుత్తితో తేలిక దెబ్బలు అనేకము కొట్టును. ఆనిక లేని దెబ్బ రేకును పాడుచేయును. దెబ్బలు మించెనా, రేకు సాగి డబ్బా మూతవలె టక్కు టక్కున లోనికిని బయటికిని ఆడును. అప్పుడు ఆ చోటును ఎఱ్ఱగా కాల్చి, తడిగుడ్డతో చల్లార్చి కుదింపవలసి వచ్చును.

ప్రియులారా, పడిన సహోదరుని లేవనెత్తు రీతియు ఇదియే. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు, తప్పులో చిక్కినవానిని సాత్వికముతో దారికి తెమ్మని చెప్పుచున్నాడు. అక్కడ అతడు వాడిన గ్రీకు మాటయే మార్కు 1వ అధ్యాయములో జెబెదయి కుమారులు వలలు బాగుచేసికొనుటకు వాడబడినది. చినిగిన వలను కోపముతో లాగినవాడు చిరుగును పెద్దది చేయును. పెద్దలారా, త్రాగుబోతైన కుమారుని నలుగురిలో ఒక్క పెద్దదెబ్బతో సరిచేయగలమని యెంచకుడి. నిన్నటి గాయమునుండి మొదలుపెట్టుడి. వెనుక ప్రేమ అను దిమ్మె ఆనించి, తరువాత గద్దింపు అను సుత్తి ఎత్తుడి. ఆనిక లేక నిత్యము గద్దింపబడిన మనస్సు సాగిన రేకువలె అగును. ప్రతి మాటకు శబ్దము చేయునే గాని నిలువదు.

మూడవది, పరీక్ష. రేకు సరియైన తరువాత పనివాడు కన్ను నమ్మడు. కన్నులు మూసికొని అరచేతితో తడవి చూచును. రుద్దవలసిన చోట నల్లని రంగును పలుచగా చల్లి, ఎమరీ కాగితము వేసి రుద్దును. పల్లము మిగిలినచోట నలుపు పోక నిలుచును. 80 నంబరు గరుకు కాగితముతో మొదలుపెట్టి, 220, 400 అని నున్నని కాగితములకు పోవును. నడుమ మెట్లు విడిచిన గీతలు రంగు క్రిందనుండి తేలును. ఆ పిమ్మట ప్రైమరు, కడపట రంగు. రంగు తప్పును దాచదు. మెరుపు ఎక్కువైన కొలది పల్లము ఎక్కువగా కనబడును.

లోపలి వైపును మరువరాదు. 2016లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారము తెరువబడినది. అట్టి కర్మాగారములలో బండి ఒడలునంతను ప్రైమరు తొట్టిలో ముంచి విద్యుచ్ఛక్తితో పట్టింతురు గనుక మూలమూలలకును రక్షణ కలుగును. ఇంటి షెడ్డులో అట్టి తొట్టి లేదు. తలుపు లోపల, మడ్‌గార్డు క్రింద చేయి దూర్చి చేతితోనే పూయవలెను. అది ఎవరును చూడని పని. దావీదు 139వ కీర్తనలో తన్ను పరిశోధింపుమని దేవుని వేడుకొనెను. మనుష్యులు చూచు వైపు మాత్రమే చూడుమని అతడు అడుగలేదు.

ఇక షెడ్డులో పనిచేయు మన బిడ్డలకు రెండు మాటలు చెప్పవలెను. ఒకటి, మీ ప్రాణమును గూర్చి. నేటి రెండు పాళ్ల రంగులలో గట్టిపరచు మందునందు ఐసోసయనేటు అను పదార్థముండును. దాని తుంపర ఊపిరితిత్తులకు చేరి ఉబ్బసము కలిగించగలదు. ముఖమునకు చేతిరుమాలు కట్టుకొనుట చాలదు. ఆ పనికి తగిన మాస్కు, స్వచ్ఛమైన గాలి కావలెను. థిన్నరు ఆవిరి మంటకు అంటుకొనును గనుక పొయ్యి దగ్గర దానిని తెరువకుడి. ఇంటి షెడ్డు ప్రక్కనే వంటయిల్లు, ఉయ్యాలలో బిడ్డ. క్రొత్త యిల్లు కట్టువాడు ఒకడు పడి చావకుండునట్లు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ గలదు. మీ షెడ్డునకు ఆ మాస్కే పిట్టగోడ.

రెండవది, మీ మనస్సాక్షిని గూర్చి. ఒకడు వచ్చి, “అన్నా, వారములో బండి అమ్ముతాను. తుప్పు జోలికి పోవద్దు, పైన మెరిసేలా చేసిపెట్టు, అడిగినంత ఇస్తాను” అనును. ఆ నెల బడిరుసుము కట్టవలసి యుండును, చేతిలో పైకము లేదు. ఆ బండి కొనువాడు ఎవడు? భార్య మెడలోని బంగారము కుదువబెట్టి, ఆటో తోలి పిల్లలను పోషింపనెంచిన పేదవాడే కావచ్చును. రెండు వానలకు వాని కాలిక్రింది రేకు ఊడును. ఆ మెరుపు మీ చేతిపనియే గదా! అట్టి బేరమును కాదనుట సులువని మేము చెప్పము. అయితే సంఘము ఆ మాట చెప్పి ఊరకుండరాదు. నిజాయితీగా పనిచేయువానియొద్దకే మన బండ్లు తీసికొనిపోదము. తక్కువకు కప్పిపెట్టువానిని వెదకకుందము. మనము కూలి తగ్గించి అతని నీతిని కోరుట న్యాయము కాదు.

జక్కయ్యను చూడుడి. ప్రభువు అతని యింట ప్రవేశించినప్పుడు అతడు మంచి మాటలతో పైపూత పూయలేదు. తన ఆస్తిలో సగము బీదలకిచ్చి, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనని నిలువబడి చెప్పెను. అది సొట్టను వెనుకనుండి తీయుట. ఆ దినమున ఆ యింటికి రక్షణ వచ్చెనని ప్రభువు పలికెను.

కాబట్టి ఈ నెల బల్లకు రాకమునుపు మనలో ప్రతివాడును అరచేతితో తన హృదయమును తడవి చూచుకొనునుగాక. ఎక్కడ పల్లమున్నదో, ఎవనికి ఏమి తిరిగి యియ్యవలెనో, ఎవని గడప తొక్కి ఏ మాట చెప్పవలెనో కనుగొందము. మన రక్షకుని చేతిలోని సుత్తి తేలికైనది. వెనుక ఆనించిన చేయి మేకులచే గాయపడిన చేయి. ఆ చేతికి మనలను అప్పగించుకొందము. ఆమేన్.