నీళ్లు మరవని ఒళ్లు

చిన్ననాడు పోటీల కోసం ఈత నేర్చినవారి ఒంట్లో ఆ నేర్పు దశాబ్దాలపాటు నిలిచి ఉంటుంది. చేతిని నీటిలో ఎలా దించాలి, ఒంటిని ఎప్పుడు పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి, గోడ దగ్గర ఎలా పల్టీ కొట్టాలి అన్నవి ఏళ్ల తరబడి మానేసినా చెదిరిపోవు. ముందుగా తగ్గేది దమ్ము. చిక్కంతా అక్కడే: మనసుకు పాత వేగం గుర్తుంటుంది, కండరాలకు ఆ సత్తువ ఉండదు. అందుకే మళ్లీ కొలనులో దిగినవారు తొలి వారాల్లోనే అతిగా ఈది భుజం నొప్పి తెచ్చుకుంటారు.

దీనికన్నా లోతైనది మనసు మీది ముద్ర. పదిహేనేళ్లప్పటి టైమింగ్‌తో నలభై ఏళ్ల ఒంటిని పోల్చుకుని కుంగిపోవడం నిజంగా బాధాకరం. వయసు వర్గాలవారీగా జరిగే మాస్టర్స్ పోటీలు ఇందుకు మంచి మందు. అమెరికాలో ఇవి 1970లో మొదలయ్యాయి.

ఏళ్ల తర్వాత తిరిగొచ్చినా ఆ నేర్పు నిలుస్తుందనడానికి అమెరికా స్విమ్మర్ డారా టోరెస్ ఉదాహరణ. ఆమె 1984లో పదిహేడేళ్లకే ఒలింపిక్ రిలే స్వర్ణం గెలిచింది. మధ్యలో ఏళ్లపాటు పోటీలకు దూరమై, తల్లి అయ్యాక తిరిగొచ్చి, 41 ఏళ్ల వయసులో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మూడు రజతాలు సాధించింది. అక్కడ 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఆమెకు స్వర్ణం తప్పింది సెకనులో నూరోవంతు తేడాతోనే.