దరఖాస్తులో ఎక్కే సేవ

అమెరికాలో మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టేవాళ్లు ఆమ్‌కాస్ ఫారంలో తమ అనుభవాలు 15 దాకా రాయొచ్చు. వాటిలో 3 ‘అత్యంత అర్థవంతమైనవి’గా ఎంచుకోవచ్చు. వారమంతా ఉద్యోగం చేసి, శనివారం ఆసుపత్రిలో స్వచ్ఛందంగా వీల్‌చైర్ తోసే కుర్రాడికి ఆ ఫారం గుర్తు రాకుండా ఉంటుందా?

మరి అది సేవేనా? భగవద్గీత 17వ అధ్యాయం ప్రకారం, ప్రతిఫలం ఆశించి ఇచ్చేది రాజస దానం. ఆ లెక్కన కుర్రాడు దొరికిపోయినట్టే.

సిసిలీ సాండర్స్ కథ దగ్గర ఈ లెక్క కాస్త తికమక పడుతుంది. 1948లో ఆమె లండన్‌లో ఆసుపత్రి సామాజిక కార్యకర్త. పగలు ఉద్యోగం, సాయంత్రాలు బేస్‌వాటర్‌లోని సెయింట్ లూక్స్‌లో అవసానదశ రోగులకు స్వచ్ఛంద సేవ. అక్కడ నొప్పి తిరగబెట్టేదాకా ఆగేవారు కాదు, వేళ ప్రకారం ముందే మార్ఫిన్ ఇచ్చేవారు. ఆమె దాన్ని కళ్లారా చూసింది. ఈ రోగుల కోసం ఏమైనా చేయాలంటే డాక్టరే కావాలని ఒక సర్జన్ సలహా ఇచ్చాడు. 33వ ఏట మెడిసిన్‌లో చేరింది, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది.

ఆమెకు సేవ ముందు, సీటు తర్వాత. నేటి కుర్రాడికి వరస తిరగబడింది, నిజమే. కానీ మంచినీళ్లు అడిగిన రోగికి ఆ వరసతో పనిలేదు. నీళ్లిచ్చాక ఇంకో 5 నిమిషాలు కూర్చున్నాడా, గడియారం చూసుకుంటూ వెళ్లిపోయాడా అన్నదే ఆయన గమనిస్తాడు.