పాతబండి: కొనువాని ధర్మము

ఏబదియేండ్లు దాటియు చెక్కుచెదరని మోటారుకారొకటి సంగారెడ్డిలో నమ్మకమునకు వచ్చెననుకొందము. కొనదగునా? 2021 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనల ననుసరించి, పురాతనవాహనముగా నమోదైన కారును నిత్యప్రయాణమునకు వాడరాదు. ప్రదర్శనము, మరమ్మతు మొదలగు పనులకే రోడ్డెక్కింపవలెను. అట్లు నమోదు చేయించువానికి నుపయోగమను సాకు లేదు. మిగిలినవి రెండే: డాబు, సంరక్షణము.

సంగారెడ్డినుండి హైదరాబాదునకు పోవుత్రోవలో, పటాన్‌చెరునందు, 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ జొన్న, కంది, సెనగ విత్తనములను శీతలగృహములలో భద్రపరచుచున్నది. దాచి యూరకుండుట లేదు. మొలకెత్తుశక్తిని పరీక్షించి, అది తగ్గినచో మరల విత్తి క్రొత్తగింజ తీయుచు, కోరిన పరిశోధకులకు పంచుచున్నది. దాచుట వేఱు, బ్రతికించుట వేఱు.

పాతబండికిని నిదియే న్యాయమని మా యభిప్రాయము. దాని యంత్రమెఱిగిన మెకానిక్కునకు పనియిచ్చి, ఆ విద్యను పదిమంది పిల్లలకు చూపింపగలవాడు నిస్సంకోచముగా కొనవచ్చును. పొరుగువారి కన్ను కుట్టింపనెంచి, బిడ్డల చదువునకు దాచిన సొమ్ము దీయువాడు మాత్రము బేరమాడకయే యింటికి మరలుట మేలు.