నీటిపాత్రలోని నీడ

సూరతు నగరమున రింగ్ రోడ్డు పొడవునను చీరల అంగళ్లు బారులు తీరియున్నవి. అచటి మరమగ్గములపై బ్రతుకు వెదకికొన్న తెలంగాణపు నేతకుటుంబములు లింబాయత్ ప్రాంతమున తరతరములుగా నివసించుచున్నవి. చీర అమ్ముటకు ఒక సుందరి ఛాయాచిత్రము కావలెను. ఆ మెరుపు సరకుకొరకే యని వర్తకుడెరుగును, కొనువాడు నెరుగును. కాని ఆ నేతగాని యింటి పదేండ్ల బాలిక సెల్‌ఫోనులో అట్టి చిత్రములనే చూచునపుడు, పరీక్షకు నిలిచినది చీర యని తలపదు. తన మేనిచాయ, తన నడుము అని తలచును.

ఛాందోగ్యోపనిషత్తు అష్టమాధ్యాయమున ఇంద్రవిరోచనుల కథ కలదు. ఆత్మను తెలియగోరి వచ్చిన వారిరువురును 32 ఏండ్లు బ్రహ్మచర్యమున నుండిన పిదప, అలంకరించుకొని నీటిపాత్రలో చూచుకొనుడని ప్రజాపతి చెప్పెను. నీడను చూచి విరోచనుడు తృప్తితో తరలిపోయెను. ఇంద్రుడు త్రోవలో ఆగెను: దేహము గుడ్డిదైన నీడయు గుడ్డిదగును గదా, ఇందేమి మేలు? అని సంశయించి మరలి వచ్చెను.

ఆ సంశయము పుట్టుటకు కారణము నీరు అబద్ధమాడకపోవుటయే. నేటి ఫోనులోని ఫిల్టరు నల్లని చర్మమును తెల్లగను, గుండ్రని చెంపను సన్నగను చూపును. అట్టి పాత్రలో చూచియుండిన ఇంద్రునకైనను సంశయము కలిగెడిదా? పైగా అతనికి 32 ఏండ్ల శిక్షణ యుండెను. మనమో అన్నము తినిపించుటకై అయిదేండ్ల బిడ్డ చేతికే ఆ పాత్ర నిచ్చుచున్నాము.

ఇన్‌స్టాగ్రామ్ నియమము ప్రకారము 13 ఏండ్లు నిండనివారికి ఖాతా ఉండరాదు. తమ దేహమునుగూర్చి కొందరు బాలికలకుగల వెగటును అది హెచ్చించుచున్నదని ఆ సంస్థవారి పరిశోధనయే కనుగొన్నట్లు 2021లో బయటపడిన పత్రములు తెలిపినవి. ఆస్ట్రేలియా 2024లో చట్టము చేసి, 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపువారికి ఇట్టి ఖాతాలను నిషేధించినది.

అయినను దోషమంతయు ఫోనుపై మోపుట న్యాయము కాదు. ‘పిల్ల చామనచాయ’ అను పెదవివిరుపు ఫోను రాకమునుపే మన పెండ్లిచూపులలో నుండెను. ‘నేను బాగున్నానా?’ అని బిడ్డ అడిగిన, ‘నీయంత అందగత్తె లేదు’ అని తల్లి ముద్దాడును. ప్రేమతో నన్నమాటయే, కాని అదియు నీడకిచ్చిన తీర్పే.

ప్రజాపతి మరలి వచ్చిన ఇంద్రునితో సుందరుడవనియు, కావనియు ననలేదు. మరి 32 ఏండ్లు తన చెంతనే యుండుమనెను. పండ్రెండుగంటల షిఫ్టు ముగించి ఇల్లుచేరు తండ్రికి బిడ్డను చెంత నుంచుకొను తీరిక ఎంత దొరకునో, అదియు అడుగవలసిన ప్రశ్నయే.