పాత పిస్తోలు, విశ్వాసి గృహము

పలాసనుండి టెక్కలివరకును, అటు ఉద్దానపు తోటలలోను ఇల్లిల్లు తిరుగువారము గనుక మాకు ఎదురగు ప్రశ్నలన్నియు వేదాంత ప్రశ్నలు కావు. జీడిపప్పు వ్యాపారము చేయు సహోదరుడొకడు ఈ మధ్య మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, ఒక పెద్దాయన తన పాత ఇంగ్లీషు రివాల్వరు అమ్ముతానంటున్నారు. నాకు లైసెన్సు వచ్చేలాగుంది. రాత్రిపూట డబ్బు పట్టుకొని వస్తుంటాను కదా, కొంటే తప్పా?" ఒక్క మాటలో చెప్పుమనెను. అది ఒక్క మాటతో తీరునది కాదు. ఇట్టి తలంపు మరికొందరికిని కలదని తెలిసి ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట చట్టము సంగతి. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదు. రెండవ ప్రపంచ యుద్ధములో సైనికాధికారులు నడుమున కట్టుకొనిన వెబ్లీ, ఎన్‌ఫీల్డు రివాల్వర్లు .38, .455 బోరువి. యుద్ధానంతరము మిగిలిన అట్టివాటిని కొన్ని దేశములలో అంగళ్ళలో పెట్టి అమ్మిరి. మన దేశములోనో సైన్యపు తూటాలు పట్టు ఆ రకములు నిషిద్ధాయుధములు. కలెక్టరుగారి లైసెన్సుపై అవి దొరకవు. సామాన్యునికి దొరకునది .32 బోరు. 1980ల మధ్యనుండి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి నిలిచిపోయినందున, అంతకు ముందు వచ్చిన పాతవే చేతులు మారుచు హెచ్చు ధర పలుకుచున్నవి. ఎవరైనను చవకగా ఇచ్చెదమనినచో అక్కడనే అనుమానింపవలెను. నంబరు గీకివేసిన తుపాకి దగ్గరనుండుటయే నేరము.

ఇట్లు చేతులు మారిన ఆయుధమొకటి లేఖనములలో ఉన్నది. సౌలునుండి పారిపోవుచు దావీదు నోబునకు వచ్చి, యాజకుడైన అహీమెలెకును ఆయుధమేమైన ఉన్నదా అని అడిగెను. గొల్యాతు ఖడ్గము బట్టలో చుట్టి అక్కడ దాచబడియుండెను (1 సమూ. 21). వడిసెలతో గెలిచినవాడు ఓడినవాని ఖడ్గమును కోరి పుచ్చుకొనెను. భయము మనుష్యునిచేత ఎట్టి బేరములు చేయించునో చూడుడి! ఆ దినముననే అతడు గొల్యాతు ఊరైన గాతునకే పోయి, అక్కడివారు గుర్తుపట్టగా వెఱ్ఱివానివలె నటించి తప్పించుకొనవలసివచ్చెను. ఖడ్గము అక్కరకు రాలేదు. ఇచ్చినవానికో, రొట్టెయు ఖడ్గమును ఇచ్చిన నేరమునకు ఎనుబదియైదుగురు యాజకులతోకూడ మరణము వచ్చెను. దోషము సౌలుది, సందేహము లేదు. అయినను ఆయుధము చేతులు మారునప్పుడు కొనువాడును అమ్మువాడును మాత్రమే అందులో ఉందురనుకొనుట పొరపాటు.

ఇక ఉంచుకొనుటన్నది కొనుటకంటె పెద్ద పని. ఉద్దానపు ఉప్పుగాలి తలుపు గొళ్ళెమునే తినివేయును; పిస్తోలును విడుచునా? పాత రివాల్వరును చేతబట్టినప్పుడెల్ల గొట్టమును మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి, తెరచి, ఆరు గదులును ఖాళీయని కంటితో చూచి వ్రేలితో తడిమి నిశ్చయించుకొనవలెను. కుంచెతో గొట్టము తుడిచి, పలుచగా నూనె రాయవలెను. తోలు ఒరలో పెట్టి పెట్టెలో పడవేసినయెడల తోలు చెమ్మను పట్టి ఇనుమునకు తుప్పు పట్టించును. పాత సైనిక తూటాల అడుగున నుండు నిప్పుమందు కాలినప్పుడు ఉప్పువంటి పదార్థము గొట్టములో నిలిచి చెమ్మను పీల్చును. దానిని నూనె పోగొట్టదు, వేడినీటితో కడిగి ఆరబెట్టవలెను. తూటాల చక్రము అరిగి గొట్టమునకు సూటిగా కలియనియెడల సీసపు ముక్కలు కాల్చువాని ప్రక్కకే చిమ్మును. దానిని బాగుచేయుటకు లైసెన్సుగల పనివానియొద్దకే పోవలెను, ఊరి కమ్మరి చాలడు. ఎన్నికలు వచ్చినప్పుడు ఠాణాలో అప్పగింపుమని ఆజ్ఞ వచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులో ఇంటి కప్పులెగిరిపోయి పెట్టెలన్నియు తడిసినవారికి, తాళము వేసిన వస్తువు ఎంత భద్రమో మేము చెప్పనక్కరలేదు.

వీటన్నిటికంటె కష్టమైనది మరొకటి. క్షేమము కొరకు పిస్తోలు ఒక తాళములోను, తూటాలు వేరొక తాళములోను ఉండవలెను. అట్లుంచినయెడల అర్ధరాత్రి దొంగ వచ్చినప్పుడు అది చేతికి రాదు. చేతికి వచ్చునట్లు తలగడ క్రింద ఉంచినయెడల పసివాని చేతికిని వచ్చును. ఈ చిక్కును విడదీసిన వారిని మేమింకను చూడలేదు.

ఎలుగుబంట్ల మాట కొందరు ఎత్తుదురు. అది ఉత్తమాట కాదు. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలములోని కిడిసింగివద్ద ఎలుగుబంటి ఒక రైతును చంపి, మరికొందరిని గాయపరచెను. అయితే జీడితోటలో మీదబడిన ఎలుగును చిన్న పిస్తోలు ఆపునని నమ్ముట వెఱ్ఱితనము. పంట కాపుదలకు చట్టము వేరుగా నాటు తుపాకిని చెప్పియున్నది. అదియు ఎలుగును చంపుటకు కాదు, అది రక్షిత జంతువు.

దొంగ సంగతి ధర్మశాస్త్రమే విచారించినది. రాత్రివేళ కన్నము వేయుచుండగా కొట్టబడి చచ్చిన దొంగ విషయములో యజమానునికి రక్తాపరాధము లేదు, సూర్యుడు ఉదయించిన తరువాత ఉన్నది (నిర్గమ. 22). చీకటిలో మనుష్యునికి తెలియనిదానిని దేవుడు లెక్కించి, వెలుగు వచ్చిన తరువాత దొంగ ప్రాణమునకును వెల కట్టెను. కాబట్టి ఆత్మరక్షణ పాపమని మేము బోధింపము. నెహెమ్యా పనివారును ఆయుధములు ధరించియే గోడ కట్టిరి. గాని గెత్సేమనేలో శిష్యులయొద్దనున్న రెండు ఖడ్గములలో ఒకటి ఆ రాత్రియే ఒరనుండి వెలుపలికి వచ్చి, ఒక దాసుని చెవి నరికెను. యూదాకు గాని, సైనికులకు గాని తగలలేదు.

పిస్తోలు ఎక్కువగా ఎవరికి తగులును? 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను పత్రికలో వచ్చిన అమెరికా పరిశోధనలో, తుపాకియున్న ఇండ్లలో ఆత్మహత్య అపాయము ఇంచుమించు అయిదు రెట్లుగా కనబడెను. మన ఉద్దానములో మూత్రపిండముల వ్యాధితో డయాలసిస్సుకు తిరిగి తిరిగి, అప్పులపాలై, "ఇంక చాలు" అను మాట పలుకువారు ఏ వీధిలో లేరు? అట్టి మాట వినబడు ఇంటిలో తూటాల పెట్టె తాళపుచెవి ఎవరియొద్దనుండవలెనో మా సహోదరుని అడిగితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు.

మరియు మన ప్రాంతము తుపాకుల ఫలమును ఎరిగినదే. 1967 అక్టోబరు 31న లేవిడివద్ద భూస్వాముల పక్షమువారు కాల్చగా ఇద్దరు గిరిజనులు చనిపోయిరి. తరువాత కొండలనుండి ఉద్దానమువరకు ప్రాకిన నెత్తురు లెక్క పెద్దలకు తెలియును.

ఆ సహోదరునికి కొనవద్దనియే మేము సలహా చెప్పితిమి. పలాసలో బ్యాంకులున్నవి, ఫోనుమీద డబ్బు పంపు దినములివి. పగటివేళ ఇద్దరు కలిసి ప్రయాణము చేయవచ్చును. ఒకవేళ కొనినను మేము ఆయనను సంఘమునుండి వెలివేయము. పైన చెప్పిన కాపుదల యంతయు చేయుచున్నాడా అని మాత్రము ఇంటికి వెళ్ళి అడుగుదుము.

తండ్రి చనిపోయిన తరువాత ఆయన తుపాకి అట్లే అటుకమీద ఉన్న ఇండ్లు కొన్ని ఉండవచ్చును. తండ్రి లైసెన్సు కుమారునికి చెల్లదు. దానిని తుడువను, పరీక్షింపను పోక, వెంటనే దగ్గరి ఠాణాలో గాని లైసెన్సుగల వర్తకునియొద్ద గాని అప్పగించి రసీదు పుచ్చుకొనుడి. మీ పేర లైసెన్సు కోరుటయు, అమ్ముటయు తరువాతి సంగతి. ఠాణా మెట్లెక్కుటకు జంకు విధవరాండ్రు ఉన్నయెడల ఆదివారము ఆరాధన తరువాత మాతో చెప్పుడి, సోమవారము ఉదయము మేము తోడు వచ్చెదము.