కార్డినల్ గారి నేలమాళిగ

మోజెల్ నది ఒడ్డున కూస్ అనే ఊళ్లో 1401లో ఒక పడవల వ్యాపారికి కొడుకు పుట్టాడు. పెద్దయ్యాక కాథలిక్ చర్చిలో కార్డినల్ అయ్యాడు. యూరప్ తత్వశాస్త్రంలో నికొలస్ కుసానుస్ అంటే ఆయనే. 1458లో సొంత ఊళ్లో ముసలివాళ్లకు ఒక ఆశ్రమం పెట్టించాడు. క్రీస్తు బతికిన ఏళ్ల లెక్కన 33 మందికి అందులో చోటు. దాని పోషణకు రాసిచ్చిన ఆస్తుల్లో ద్రాక్షతోటలూ ఉన్నాయి. ఆ ఆశ్రమం ఇప్పటికీ నడుస్తోంది. ఆయన దేహం రోమ్‌లోనే ఉండిపోయినా, గుండెను మాత్రం ఇక్కడికి తెచ్చి చాపెల్‌లో పాతిపెట్టారు. ఆయన పోగుచేసిన రాతప్రతులు కూడా ఇక్కడే ఉన్నాయి. అదే ఆవరణలో, కమానుల నేలమాళిగలో, ఈ లోయ వైన్లు రుచి చూడొచ్చు. పైన తత్వం, కింద వైన్. నాలాంటివాడికి ఇంకేం కావాలి?

నాలాంటివాడంటే, గుంటూరులో పుట్టి ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకులో లెక్కలు చూసుకుంటూ, సెలవు దొరికితే రైన్, మోజెల్, ఆల్సాస్ తోటల వెంట పడేవాడు. తాగుడు అని మా ఇంట్లో అంటారు. నిజానికి రుచి చూసేచోట ఎక్కువ భాగం ఉమ్మేస్తాం. అది నాకు ఎప్పుడూ వింతగా తోచలేదు. మా నాన్న పొగాకు గ్రేడింగ్ చేసేవాడు. ఆకును వేళ్ల మధ్య పెట్టి చూసి, వాసన పట్టి, ఏ గ్రేడో చెప్పేసేవాడు. జన్మలో ఒక్క చుట్ట ముట్టించలేదు. ఎలా తెలుస్తుంది నాన్నా అంటే "చేతికి తెలుస్తుందిరా" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట రాలేదు.

చేతికి, నాలుకకు తెలిసింది మాటల్లోకి వస్తుందా? దేవుడి గురించి మనం అడిగే ప్రశ్న కూడా దాదాపు ఇదే. నారద భక్తి సూత్రాలు భక్తిని మూగవాడు చవిచూసిన రుచితో పోల్చాయి. గొప్ప పోలిక. దాన్ని మనం వాడుకునే తీరు మీదే నా ఫిర్యాదు. వాదన కాస్త ముదిరేసరికి "అది అనుభవైకవేద్యమండీ" అని కండువా దులుపుకుని లేస్తాం. మూగవాడు నోరు లేక ఊరుకున్నాడు. మనకేమైంది?

కుసానుస్ కూడా చివరికి మాట అందదనే అన్నాడు. కానీ అంత తొందరగా లేవలేదు. కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఓడలో తిరిగి వస్తుంటే తట్టిందని చెప్పుకున్న ఆలోచనను 1440లో పుస్తకంగా ముగించాడు. వృత్తంలో బహుభుజిని గీయమంటాడు. భుజాలు పెంచేకొద్దీ అది వృత్తానికి దగ్గరవుతుంది. ఎన్ని పెంచినా వృత్తం కాదు. సత్యానికీ మన బుద్ధికీ అదే సంబంధం. తెలియదని ఒప్పుకోవడానికి కూడా చాలా చదవాలి, చాలా గీతలు గీయాలి. మూడు గీతలు గీసి ఇక నావల్ల కాదనేవాడికీ, వెయ్యి గీసి అనేవాడికీ తేడా ఉంది.

ఆ నేలమాళిగలో వయసు మీరిన ఒక రీస్లింగ్ పోసుకున్నాను. ఎండిన ఆప్రికాట్, కాస్త తేనె, వాటి వెనక పెట్రోల్. ఇది కనిపెట్టి మురిసిపోనక్కర్లేదు, పాత రీస్లింగ్‌లో పెట్రోల్ వాసన అందరూ చెప్పేదే. నాకు మాత్రం పెట్రోల్ కాదు, కరెంటు పోయిన రాత్రి అప్పుడే ఊదిన కిరసనాయిలు బుడ్డి గుర్తొచ్చింది. పక్కనున్న జర్మన్ పెద్దావిడకు అదే చెప్పాను. ఆవిడకు బుడ్డి తెలియదు. అయినా గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని, "అవును, మసి ఉంది" అంది. అప్పటిదాకా నాకు మసి తెలియలేదు. మళ్లీ చూస్తే ఉంది.

ఆ వాసనకు కారణం టీడీఎన్ అనే పదార్థమని రసాయన శాస్త్రజ్ఞులు తేల్చారు. గుత్తులకు ఎండ ఎక్కువ తగిలినా, సీసాలో ఏళ్లు గడిచినా అది పెరుగుతుంది. అంటే పెట్రోల్ అనే గీత సరిగ్గానే పడింది. అన్నీ అలా పడవు. ఈ కొండలన్నీ పలకరాయి. ఈ వైన్‌లో తడిసిన పలక రుచి ఉందని ప్రతివాళ్లూ అంటారు, నేనూ అంటాను. రాయి రుచిని వేళ్లు పీల్చి పండులోకి పంపడం జరిగే పని కాదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. రాయి పగలు ఎండను దాచి రాత్రి వెచ్చగా ఉంచుతుంది, నీళ్లను జార్చేస్తుంది, అంతవరకే. అంత అందమైన మాట తప్పు గీత అని తేలడం నాకు బాధే. కానీ తేలిందంటే, ఎవరో ఒకరు నోరు తెరిచి అన్నారు గనక తేలింది.

కుసానుస్‌కు తూనిక అంటే మహా ఇష్టం. 1450లో రాసిన సంభాషణల్లో చదువుకోని సామాన్యుడొకడు రోమ్ అంగడి చూపించి పండితుడికి పాఠం చెబుతాడు. అక్కడ డబ్బు లెక్కపెడుతున్నారు, సరుకు తూస్తున్నారు, నూనె కొలుస్తున్నారు, జ్ఞానం గురించి అక్కడి నుంచే మొదలుపెడదాం అంటాడు. జ్ఞానాన్ని ఎవరికి వారు చవిచూడాల్సిందే, ఒకరు చెప్తే రాదు అనేది కూడా ఆ సామాన్యుడే. ఈ ఊరికి తగ్గ మనిషి. ఇక్కడ ద్రాక్షరసం లీటరు నీటికన్నా ఎన్ని గ్రాములు బరువో చూసి, అన్ని ఎక్స్‌లె డిగ్రీలు అంటారు. కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె అనే మెట్లకు 1971 చట్టం ఆ తూనికనే ఆధారం చేసింది. తూచినంతా తూచి, తర్వాత నాలుక మీద వేసుకుంటారు.

సరే, వైన్ విషయంలో తప్పు గీతను చెరపడానికి భూగర్భ శాస్త్రం ఉంది, పక్కన పెద్దావిడ ఉంది. దేవుడి విషయంలో ఎవరున్నారు? 1453లో కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల చేతిలో పడింది. పోప్ క్రూసేడుకు పిలుపునిచ్చాడు. కుసానుస్ అదే ఏడాది ఒక సంభాషణ రాశాడు. రకరకాల దేశాల జ్ఞానులు స్వర్గంలో కూర్చుని, ఆచారాలు వేరైనా మతం ఒకటేనని ఒప్పుకుంటారు. అందులో ఒక భారతీయుడు కూడా ఉన్నాడని చదివి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఒకరి రుచిని ఇంకొకరు సరిచేసే బల్ల ఇదే కదా అనుకున్నాను.

కాదు. ఆ బల్ల మీద సీసా ముందే తెరిచి ఉంది. త్రిత్వంతో సహా క్రైస్తవ సిద్ధాంతాల్లోకే అందరూ ఒక్కొక్కరుగా వచ్చి చేరతారు. భారతీయుడు విగ్రహాల సంగతి అడుగుతాడు. ఒకే దేవుడి ఆరాధన నుంచి పక్కకు లాగే విగ్రహాలను పగలగొట్టాల్సిందేనని జవాబు వస్తుంది. విగ్రహాలు ప్రశ్నలకు బదులిస్తాయని మావాళ్ల నమ్మకం, మాన్పించడం కష్టం అంటాడతను. ఆ బదుళ్లు పూజారుల పనే అంటే ఒప్పేసుకుంటాడు. అంత తేలిగ్గా ఒప్పుకునే భారతీయుణ్ణి నేనింతవరకు చూడలేదు. వెయ్యి భుజాలు గీయమన్న మనిషి అతనికి నాలుగు మాటలే ఇచ్చాడు. చివరికి 1464లో, ఇంకో పోప్ తలపెట్టిన క్రూసేడు పనిమీద వెళ్తూనే ఇటలీలో టోడీ అనే ఊళ్లో ప్రాణం వదిలాడు.

ఆ సంభాషణ రాసినందుకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. ఆ రోజుల్లో అలాంటి బల్ల ఊహించడమే పెద్ద సాహసం. కాకపోతే ఆ భారతీయుడు "అవును, కానీ మసి ఉంది" అనగలిగేలా రాసి ఉంటే, తర్వాతి పేజీ ఎలా నడిచేదో చూడాలని ఉంది.