గుంపులో ఒక్కొక్కరు

ధ్యాన భాగము: మార్కు సువార్త 6:30-46



పై వాక్యభాగమును ఈ నెల మీ మీ యిండ్లలో కుటుంబ ప్రార్థన వేళ చదువుకొనవలెనని కోరుచున్నాము. శిష్యులు ఊరూర తిరిగి సేవచేసి అలసి వచ్చిరి. అన్నము తినుటకైనను వారికి తీరిక లేకపోయెను. ప్రభువు వారి ముఖములు చూచి, జనములేని చోటికి పోయి కాస్త విశ్రమింతము రండని పిలిచెను. వారు పడవ ఎక్కి బయలుదేరిరి. అయితే వారికంటె ముందుగానే జనము కాలినడకన పరుగెత్తి ఆవలి యొడ్డున నిలిచియుండెను. విశ్రాంతికని పోయిన చోటనే గుంపు ఎదురాయెను!

గడచిన వేసవిలో ఈ వాక్యము మాకు అనుభవపూర్వకముగా అర్థమైనది. మా వివాహమై ముప్పది యేండ్లు దాటినను, ఎవరి పెండ్లికో చావుకో తప్ప మేమిద్దరము కలిసి ఎక్కడికిని పోయి యెరుగము. పిల్లల చదువులు, పెద్దల జబ్బులు, సంఘపు పనులు, వీనితోనే కాలము గడచిపోయెను. మాలో ఒకరమైతే సముద్రమును పటములో తప్ప చూచినది లేదు. కాబట్టి మూడు దినములు తీరిక చేసికొని, నడిగూడెమునుండి కోదాడ మీదుగా బస్సులో విజయవాడకు, అచ్చటినుండి రైలులో బాపట్లకు చేరితిమి. సూర్యలంక సముద్రతీరము బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరములో నున్నది.

తీరా అక్కడ చూడగా మన కోదాడ సంతకు పదింతలు జనము! హైదరాబాదునుండి, గుంటూరునుండి వచ్చిన కార్లు బారులు తీరి యుండెను. కూర్చుండుటకు నీడ లేదు. బసకు అడిగిన వెల మా బోటివారికి అందునది కాదు. మరునాడు చీరాల దగ్గరి వాడరేవునకు పోతిమి. అక్కడను అదే తీరు. "ఏమండీ, ఇంత డబ్బు పెట్టుకొని జనాన్ని చూడ్డానికా వచ్చాము?" అని ఒకరము, "రావద్దన్నది నేను కాదా?" అని మరియొకరము. ముప్పది యేండ్లకు దొరికిన విశ్రాంతిని మేము సణుగుటలోనే పోగొట్టుకొనుచుంటిమి. దాచుకొననేల? ఆ పూట మేము ఒకరితో ఒకరము సరిగా మాటలాడనే లేదు.

సముద్రపుటొడ్డున ఇరుకైన పల్లెలు క్రిక్కిరియుట మన దేశమందు మాత్రమే కాదు. ఇటలీ దేశమున చింక్వె తెర్రె అను తీరమున్నది. కొండచరియలను అంటుకొని మొంతెరొస్సొ, వెర్నాజ్జా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె అను ఐదు చిన్న ఊళ్లు అక్కడ కలవు. 1997లో యునెస్కో సంస్థ ఆ తీరమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఐదూళ్లలోను కలిపి కాపురముండువారు కొన్ని వేలమందే. చూడవచ్చువారో, ఏటేట లక్షల కొలది. భార్యాభర్తలు విశ్రాంతికని వచ్చి, రైలులో నిలుచుటకు చోటు లేక, ఇరుకు సందులలో భుజములు రాచుకొని నడచుచు, ఇంత జనమేమని విసుగుకొనుట అక్కడను కలదు. అయితే ప్రియులారా, ఒక్కసారి ఆలోచించుడి. విసుగుకొనువాడును ఆ జనములో ఒకడే గదా! గుంపు అని మనము ఎప్పుడును ఇతరులనే అందుము. వారి లెక్కలో మనమును గుంపే.

ఆ సాయంకాలము వాడరేవున ఒడ్డుకు లాగియున్న ఒక పడవ నీడను, వలలు బాగుచేసికొనుచు ఒక ముసలి పల్లెకారు తల్లి కూర్చుండియుండెను. మేము నిలుచుండుట చూచి, "రండమ్మా, ఇట్టా నీడకి కూర్చోండి. ఏ ఊరు మీది?" అని అడిగెను. చెప్పితిమి. ఆమె మాతో మాటలాడుచున్నను కన్ను మాత్రము నీళ్ల మీదనే యుండెను. ఉన్నట్టుండి వల పారవేసి లేచి, "ఓ ఎర్రచొక్కా అబ్బాయా! అటు పోమాకయ్యో, ఇవతలికి రా!" అని కేకవేసెను. ఆ పిల్లవాడు వినలేదు. ఆమె కేకకు పడవల దగ్గరి యువకులిద్దరు పరుగెత్తి, మెడలోతు నీళ్లలో కొట్టుకొనుచున్న వానిని పట్టి ఒడ్డుకు తెచ్చిరి. వాని తల్లిదండ్రులు అప్పటికి ఫోటోలు తీసికొనుచుండిరి.

మేము వణకిపోతిమి. ఆమె మరల కూర్చుండి ఇట్లు చెప్పెను: "అల విరగకుండా నీళ్లు నిమ్మళంగా కనపడతాయే, ఆడనేనమ్మా లోపలికి లాగేది. మీకు తెలవదు. ఓసారి నా కళ్లముందే ఒక పిల్లోడు పోయాడు. ఎవరి బిడ్డో! అప్పటినుంచీ దిగినోళ్లెందరో, తిరిగొచ్చినోళ్లెందరో లెక్క చూసుకుంటా కూర్చుంటాను."

ప్రియులారా, ఆ మాట మాకు ప్రసంగమాయెను. అదే ఒడ్డున, అదే సాయంకాలమున మేము చూచినది గుంపును. ఆమె చూచినది బిడ్డలను. మా విశ్రాంతికి అడ్డువచ్చినవారని మేము ఎవరిని లెక్కించితిమో, వారిని ఆమె ఒక్కొక్కరినిగా లెక్కపెట్టుచుండెను.

మన ప్రభువు చేసినది ఇదే. పడవ దిగగానే ఆయన గొప్ప సమూహమును చూచెను. శిష్యులకువలె ఆయనకును అలసట యుండెను. అయినను కాపరి లేక చెదరిన గొఱ్ఱెలను చూచినట్లు వారిని చూచి కనికరపడెను. వారికి బోధించెను. ప్రొద్దు గ్రుంకువేళ వారిని పంపివేయుమని శిష్యులు అడుగగా, ఆయన వారిని పచ్చికమీద పంక్తులుగా కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. పంక్తిలో కూర్చున్న వెంటనే గుంపు గుంపుగా ఉండదు. ప్రతివానికి ఒక చోటు కలుగును, ప్రతివాని చేతికి రొట్టె అందును. అటుతరువాతనే ఆయన జనమును సాగనంపి, ప్రార్థనకై ఒంటరిగా కొండకు వెళ్లెను. ఆయన విశ్రాంతి ఆలస్యమైనదే గాని పోలేదు.

ఆ సముద్రతీర మండలమందే ఈ వాక్యమును ఆచరణలో చూపిన దైవజనుడొకడు కలడు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ఘోరమైన కరవు బాధించినప్పుడు, ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆకలిగొన్న వేలమందిని చూచి, బకింగ్‌హాము కాలువలో కొంత భాగమును త్రవ్వించు గుత్త తీసికొని వారికి పనియు కూలియు కలుగజేసెను. పని మధ్య విశ్రాంతి వేళలలో, భారము మోయువారికి ప్రభువు ఇచ్చు విశ్రాంతిని గూర్చిన మత్తయి 11:28 వాక్యము వారికి వినిపించబడెను. అన్నము కొరకు మతము మారిరను మాట రాకుండునట్లు కరవు కాలమున బాప్తిస్మములు నిలిపివేసిరి. కరవు తీరినపిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంత జనములోను బాప్తిస్మము ఒక్కొక్కరికే గదా ఇయ్యవలెను!

ఇక మన సంగతి చూచుకొందము. 2024 సెప్టెంబరులో మన మండలమందలి కాగితరామచంద్రాపురము వద్ద సాగరు ఎడమకాలువకు గండిపడినప్పుడు, గండిని చూడబోయినవారము మనలో ఎందరము? ఇసుక మేట వేసిన పొలముగలవాని గడప త్రొక్కినవారము ఎందరము? క్రిస్మసునాడు మందిరము నిండినదని సంతోషింతుము. వెనుకవరుసలో క్రొత్తగా వచ్చి కూర్చున్న ఆమె పేరు అడుగుదుమా? మన సంఘమునుండి హైదరాబాదునకు పనికి పోయిన పిల్లలెందరు? ఆదివారము ఆరాధనకు పోవుచున్నవారెందరు, నిమ్మళముగా కనబడు నీళ్లలో లోనికి లాగబడుచున్నవారెందరు? దిగినవారిని, తిరిగి వచ్చినవారిని లెక్కచూచు తల్లి మన సంఘములో ఎవరు?

మరియొక మాట. విశ్రాంతి కోరుట తప్పు కాదు. రండని పిలిచినవాడు ప్రభువే. నాట్లకు, కలుపులకు, పొయ్యి దగ్గరికి తిరిగి తిరిగి నడుము వంగిన మీ యింటి యిల్లాలికి ఏడాదికొక్క దినమైనను తీరిక ఇయ్యుడి. సముద్రమువరకు పోనక్కరలేదు, పాలేరు కట్టమీద ఒక సాయంకాలము కలిసి కూర్చుండినను చాలును. అయితే ఆ దినమున ఎవరైన అడ్డువచ్చిన యెడల సణుగుకొనకుడి. మీ ప్రక్కనున్నవారిని మొదట చూడుడి. ఆ రాత్రి పడవ నీడనుండి లేచి నడచుచు మేమిద్దరము ఒకరినొకరము క్షమాపణ వేడుకొంటిమి. ఆ జనములో మేము మొదట చూడక విడిచినది ఒకరినొకరమే!

ప్రార్థన: గొప్ప కాపరివైన ప్రభువా, మేమును గుంపులోనివారమే. అయినను నీవు మమ్మును పేరుపెట్టి యెరుగుదువు. మా అలసటలో మాకు విశ్రాంతి నిమ్ము. మా విశ్రాంతిలో ఇతరులను చూచు కన్నులిమ్ము. దూరము పోయిన మా బిడ్డలను ఒడ్డునకు చేర్చుము. ఆమేన్.